సైకిలు జీర్ణోద్ధరణము

శిథిలమైన దేవాలయమును బాగుచేయుటకు మన పెద్దలు జీర్ణోద్ధరణమని పేరు పెట్టిరి. పాత గుడిని పడగొట్టి దాని స్థానమున క్రొత్త గుడి కట్టుట జీర్ణోద్ధరణము కాదు. బీటవారిన గోడకు సున్నము పూసి బీట కనబడకుండ చేయుటయు జీర్ణోద్ధరణము కాదు. ఏ రాయి చెడినదో, ఏ రాయి గట్టిగా నున్నదో పరీక్షించి, చెడినదానిని మార్చి, గట్టిదానిని కాపాడి, ఆ కట్టడము మరల పెక్కేండ్లు నిలుచునట్లు చేయుటయే జీర్ణోద్ధరణము. ఈ మాట గుడులకు మాత్రమే గాక, ఇంటి వసారాలో గోడకు చేరగిలబడి త్రుప్పుపట్టియున్న పాత సైకిలునకు కూడ వర్తించును.

ఒకప్పుడు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో పొరుగూరి బడికి పోవు పంతులుగారికిని, ఉత్తరములు పంచు తపాలా బంట్రోతునకును, ఉద్దానపు కొబ్బరికాయలను సంతకు చేర్చు చిన్న వర్తకునకును, బట్టల మూటతో ఊరూర తిరుగువానికిని సైకిలే వాహనము. రాత్రివేళ దీపము లేకుండ పోయినచో పోలీసువారు ఆపెడివారు. మునిసిపాలిటీలు సైకిళ్లపై పన్ను వసూలుచేసి, చెల్లించినందుకు గురుతుగా ఒక లోహపు బిళ్లను ఇచ్చెడివి. అట్టి బిళ్ల నేటికిని వ్రేలాడుచున్న పాత సైకిలు మీ వీథిలోనే యుండవచ్చును.

తరువాత మోటారు వాహనములు పెరిగెను. సైకిలు పెరటికి చేరెను. పాత యినుపసామాను కొనువాడు వచ్చి, దానిని త్రాసున వేసి, కిలోల లెక్కన వెలకట్టి తీసికొనిపోవును. తండ్రియో తాతయో ముప్పది యేండ్లు త్రొక్కిన బండి ఒక్క గడియలో తుక్కుగా మారును. అట్లు పోకుండ దానిని నిలుపవచ్చునా? నిలిపినచో అది ఎక్కి పోదగినదై యుండునా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము సైకిలు చట్రమునందున్నది. చక్రములు, గొలుసు, సీటు, బ్రేకులు చెడినచో అంగడిలో క్రొత్తవి దొరకును. చట్రము సైకిలునకు వెన్నెముక వంటిది. అది మంచిదైనచో తక్కినవన్నియు కూర్చుకొనవచ్చును. అది చెడినచో ఎన్ని క్రొత్త సామానులు తగిలించినను ప్రయోజనము లేదు.

సైకిలు పుట్టుక

నేటి జర్మనీలోని మాన్‌హైము నగరమున 1817వ సంవత్సరమున కార్ల్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల కఱ్ఱబండిని నడిపి చూపెను. దానికి పెడళ్లు లేవు. నేలను కాళ్లతో తన్నుచు ముందుకు సాగవలసియుండెడిది. కొన్ని దశాబ్దుల తరువాత ముందు చక్రమునకు పెడళ్లు తగిలించిరి. వేగము కొఱకు ఆ చక్రమును మిక్కిలి పెద్దదిగా చేయగా, ఎత్తైన సీటునుండి పడి దెబ్బలు తినువారు ఎక్కువైరి. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తన 'రోవర్' సైకిలును సిద్ధపరచెను. దాని రెండు చక్రములును ఇంచుమించు సమానములు. గొలుసు వెనుక చక్రమును త్రిప్పును. 1888లో జాన్ బోయిడ్ డన్లప్ గాలి నింపిన టైరునకు పేటెంటు హక్కు పొందెను. ఆ తరువాత కొలది యేండ్లలో సైకిలు చట్రమునకు ఏర్పడిన ఆకారమే నేటికిని చాలవఱకు నిలిచియున్నది.

మన దేశమునకు మొదట ఇంగ్లండు నుండి రాలీ, బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ మొదలగు సైకిళ్లు దిగుమతి యయ్యెడివి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప మద్రాసున 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థయు, సోనీపత్తులో 1951లో అట్లాసు సంస్థయు, లుధియానాలో 1956లో హీరో సంస్థయు వెలసెను. బెంగాలునందలి ఆసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ కర్మాగారము నడచెను. మన జిల్లాల యిండ్లలో మిగిలిన పాత సైకిళ్లు చాలవఱకు వీరు చేసినవే. నల్లని రంగు, ఎత్తైన చట్రము, 28 అంగుళముల చక్రములు, తీగెలకు బదులు కడ్డీలతో పనిచేయు బ్రేకులు, గొలుసును పూర్తిగా కప్పు రేకుపెట్టె, బరువునకోర్చు క్యారియరు - ఇవి వాని లక్షణములు. గతుకుల బాటలలో ధాన్యపు బస్తాతో పోవుటకు తగినట్లుగా వానిని రూపొందించిరి.

చట్రము నిర్మాణము

విద్యార్థులారా! నాలుగు వెదురు పుల్లలను చతురస్రముగా పేర్చి, మూలలయందు దారముతో కట్టుడు. ఒక మూలను పట్టి నొక్కినచో ఆ చతురస్రము ఒరిగిపోవును. మూడు పుల్లలను త్రిభుజముగా కట్టి నొక్కుడు. పుల్ల విరుగవలసినదే గాని త్రిభుజము ఒరుగదు. ఇల్లు కట్టువారు పైకప్పు దూలములను త్రిభుజాకారముగా కూర్చుట ఇందుకే. సైకిలు చట్రము కూడ ఈ సూత్రముపైననే నిలిచియున్నది. పై గొట్టము, దిగువ గొట్టము, సీటు గొట్టము కలిసి ముందు త్రిభుజమువలె నేర్పడును. సీటు గొట్టము, గొలుసు ప్రక్కనుండి పోవు సన్నని గొట్టములు, సీటు క్రిందినుండి దిగు సన్నని గొట్టములు కలిసి వెనుక త్రిభుజమగును. ముందుభాగమున హేండిలు తిరుగుట కొఱకు ఒక పొట్టి గొట్టము కలదు, దానిని తలగొట్టమందము. పెడళ్ల యిరుసు తిరుగు అడ్డగొట్టమును పనివారు బీబీ అందురు.

ఈ గొట్టములు ఒకదానితో నొకటి ఎట్లు అతికినవి? బొబ్బిలి వీణను ఒకే పనసమ్రానునుండి తొలిచి చేయుట మీరు వినియుందురు. సైకిలు చట్రము అట్టిది కాదు. అది పెక్కు గొట్టముల కూర్పు. ప్రతి మూలయందును ఉక్కు తొడుగు నొకదానిని అమర్చి, గొట్టపు కొనలను అందులో దూర్చి, కాల్చి, ఇత్తడిని కరగించి సందులోనికి పాఱింతురు. ఈ తొడుగును లగ్గు అందురు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల వేడికి కరగును. ఉక్కు కరగుటకు 1,400 డిగ్రీలకు పైగా వేడి కావలెను. కావున ఇత్తడి నీరువలె సందులలోనికి ప్రాకినను గొట్టములు కరగవు. ఇత్తడి చల్లారినపుడు ఉక్కును ఉక్కుతో గట్టిగా పట్టియుంచును. శ్రీకాకుళము జిల్లాయందలి బూడితి గ్రామము ఇత్తడి, కంచు పనికి ప్రసిద్ధి గాంచినది. ఆ పాత్రలయందు కంటికి కనబడి మెఱయు ఇత్తడియే సైకిలు మూలలయందు కంటికి కనబడక బరువు మోయుచున్నది.

ఇందువలన ఒక సంగతి తేలుచున్నది. అతుకును మరల కాల్చవలసివచ్చినపుడు ఎంత వేడి పెట్టవలెనో తెలిసిన చేయి కావలెను. వేడి మితిమీరినచో గొట్టము బలహీనమగును. చాలనిచో ఇత్తడి లోనికి పాఱదు. పైపైన కరగించి వేసిన అతుకు చూచుటకు నిండుగా నున్నను, గతుకులో పడినపుడు విడిపోవును.

ఉక్కునకు శత్రువు

ఇనుము నీటితోడను, గాలిలోని ప్రాణవాయువుతోడను కలిసినపుడు త్రుప్పు పుట్టును. ఉప్పు చేరినచో ఆ పని మఱింత త్వరితముగా సాగును. మన ప్రాంతము సముద్రతీరము. కళింగపట్టణము, భావనపాడు, బారువ వంటి చోట్ల ఉప్పుగాలి ఎల్లకాలము వీచుచుండును. నౌపడ ఉప్పుమళ్లు సుప్రసిద్ధములు. అట్టి తావులలో ఇనుపవస్తువునకు కాపుదల మిక్కిలి అవసరము.

రాగి, ఇత్తడి పాత్రలపై పట్టు చిలుము పలుచని పొరయై నిలిచి క్రింది లోహమును కొంత కాపాడును. త్రుప్పు అట్లు కాపాడదు. అది ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించి, ఉబ్బి, పెళ్లలుగా రాలును. రాలిన చోట క్రొత్త లోహము బయటపడును. దానికిని త్రుప్పు పట్టును. ఇట్లు ఎవరును అడ్డుపడనిచో గొట్టము పూర్తిగా తినబడునంతవఱకు ఆ పని ఆగదు.

పైకి కనబడు త్రుప్పుకంటె లోపల దాగిన త్రుప్పు ప్రమాదకరమైనది. వాననీరు సీటుకడ్డీ ప్రక్కనుండి సీటు గొట్టములోనికి దిగి, అన్నిటికంటె పల్లమున నున్న బీబీలో నిలుచును. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమును దెబ్బతీసిన తిత్లీ తుపాను వంటి విపత్తులలో తడిసిన, మునిగిన సైకిళ్లను పైపైన తుడిచి ఊరకున్నచో, లోని నీరు నెలల తరబడి గొట్టములను తినుచుండును. అట్టి సైకిలును వెంటనే తలక్రిందుగా నిలిపి, సీటుకడ్డీని ఊడదీసి, నీరు కార్చి, ఎండలో ఆరబెట్టవలెను.

ముందుగా పరీక్ష

పాత సైకిలును బాగుచేయ దలచినవాడు రంగుడబ్బాను కాదు, గుడ్డముక్కను ముందు చేతబట్టవలెను. మట్టిని, జిడ్డును కిరసనాయిలుతో తుడిచి, చట్రమును పగటి వెలుతురులో నిదానముగా పరిశీలింపవలెను. సీటు క్రింద గాని, బీబీ అడుగున గాని చెక్కియున్న సంఖ్యను వ్రాసికొనవలెను. సైకిలు ఎవరినుండి యైనను కొన్నదైనచో అమ్మినవానినుండి రసీదు పొందవలెను. దొంగసొత్తును బాగుచేయుట ధర్మము కాదు.

పరీక్షింపవలసిన చోట్లు ముఖ్యముగా నాలుగు. మొదటిది, తలగొట్టమునకు వెనుక, పై గొట్టము క్రిందను దిగువ గొట్టము క్రిందను. సైకిలు ఎప్పుడైనను ముందునుండి దేనికైనను గట్టిగా గుద్దుకొనియున్నచో అచట రంగు ముడుతపడి, గొట్టము ఉబ్బి యుండును. చేతివ్రేలితో తడిమినచో తెలియును. రెండవది, లగ్గుల అంచులు. రంగుపై వెండ్రుకవంటి గీత యుండి, ఆ గీతవెంట ఎఱ్ఱని త్రుప్పు కారియున్నచో, అది రంగు పగులు కాక ఉక్కు పగులై యుండవచ్చును. మూడవది, బీబీ చుట్టుప్రక్కల. చిన్న సుత్తితో మెల్లగా తట్టినచో మంచి గొట్టము ఖణీలుమనును. త్రుప్పు తిన్న గొట్టము బొదబొదలాడును. నాల్గవది, ముందుచక్రమును పట్టు ఫోర్కు. దీని కాడ తలగొట్టములో దాగియుండుటచే, ఊడదీసి చూచినగాని సంగతి తెలియదు.

విజయనగరమున ఒక సైకిలు మరమ్మతు దుకాణమున జరిగిన సంగతి యొకటి యిచట చెప్పదగియున్నది. ఒక గృహస్థు తన తండ్రిగారి కాలపు సైకిలును తెచ్చి, "మేస్త్రీ! మా అమ్మాయి దీనిమీద బడికి పోవును. నల్లరంగు వేసి, రెండు టైర్లు మార్చి యిమ్ము" అనెను. మేస్త్రీ సైకిలును రెండుచేతులతో పట్టి, ముందు బ్రేకు నొక్కి, ముందునకును వెనుకకును ఊపి చూచి, "బాబూ! ఫోర్కు విప్పి చూడవలెను" అనెను. "అంత పని యెందుకు? ఇన్నేండ్లు నడచినది కదా! పైన రంగు వేసిన చాలును" అని ఆయన తొందరపడెను. మేస్త్రీ ఒప్పుకొనలేదు. "రంగు రేపైనను వేయవచ్చును బాబూ! ఎక్కబోవునది ఆడపిల్ల. లోపల చూడనిదే నేను రంగు వేయను" అనెను.

కొంతసేపటికి ఫోర్కు ఊడివచ్చెను. దాని కాడ అడుగున, కిరీటమను భాగమునకు కొంచెము పైగా, పగులు ఒకటి సగము చుట్టును ప్రాకియుండెను. పాత పగులు నల్లగాను, క్రొత్తగా ప్రాకినంతమేర మెఱయుచును కనబడెను. ఆ గృహస్థు మఱి మాటాడలేదు. చట్రము గట్టిదే; ఫోర్కు మాత్రమే చెడినది. మేస్త్రీ అదే కొలతగల మంచి ఫోర్కును వెదకి తెచ్చి అమర్చెను. ఆ సైకిలు తరువాత బడికి పోయెను. పగిలిన ఫోర్కును మాత్రము మేస్త్రీ తుక్కులో వేయక, తన దుకాణపు గోడకు మేకు కొట్టి తగిలించెను. పరీక్ష వద్దనువారికి ఆయన దానిని చూపుచుండును.

చట్రము వంకరపోయినదో లేదో తెలిసికొనుటకు ఖరీదైన యంత్రము అక్కఱలేదు. ఒక దారమును తీసికొని, వెనుక చక్రపు ఇరుసు కూర్చుండు ఎడమ గాడికి కొన కట్టి, దారమును తలగొట్టము చుట్టి త్రిప్పి, కుడి గాడికి బిగించి కట్టవలెను. సీటు గొట్టమునుండి ఎడమ దారమునకును, కుడి దారమునకును గల దూరమును స్కేలుతో కొలువవలెను. రెండును సమానమైనచో చట్రము తిన్నగా నున్నట్లు. ఒక ప్రక్క ఎక్కువగా నున్నచో వెనుక భాగము ఆ ప్రక్కకు వంగినట్లు. ఒక మూర దారము, మరొక మూర దారము అని లెక్కింపక, నిడివిగల దారమునే తీసికొనవలెను. నడుమ ముడి యున్నచో కొలత తప్పును.

విప్పుట

పరీక్షయందు చట్రము నెగ్గినచో విప్పుట ప్రారంభింపవచ్చును. విప్పుటకు ముందు ప్రతి భాగము ఉన్న తీరును చిత్రము గీసికొనవలెను, లేదా ఛాయాచిత్రము తీసికొనవలెను. ఏ మూలనుండి వచ్చిన మరలను ఆ మూలకు వేఱువేఱు గిన్నెలలో నుంచవలెను. విప్పునపుడు ఇది చాదస్తముగా తోచును. కూర్చునపుడు దాని విలువ తెలియును.

కుడి పెడలు మామూలు మరవలె అప్రదక్షిణముగా త్రిప్పిన ఊడివచ్చును. ఎడమ పెడలు మర దీనికి విరుద్ధము. ప్రదక్షిణముగా త్రిప్పిననే అది వదలును. త్రొక్కునపుడు పెడలు దానంతట అది ఊడిపోకుండుటకై చేసిన యేర్పాటిది. ఇది తెలియక బలముకొలది త్రిప్పి మరలను పాడుచేయువారు పెక్కుమంది. పెడలు కాళ్లను ఇరుసునకు బిగించు కాటరు పిన్నులను సూటిగా సుత్తితో కొట్టరాదు. క్రింద ఆనుడు పెట్టి, మర కొన వంగకుండ జాగ్రత్తపడి కొట్టవలెను. త్రుప్పుతో బిగుసుకొనిన చోట కిరసనాయిలు, నూనె కలిపి పోసి, ఒక రాత్రి యుంచవలెను. ఒక రాత్రి చాలనిచో మూడు రాత్రులుంచవలెను. ఈ పనిలో బలముకంటె ఓర్పు ఎక్కువ పనిచేయును. బిగిసిన సీటుకడ్డీని పెనగులాడి లాగినచో గొట్టమే చీలిపోవచ్చును.

రంగు తీయుట, రంగు వేయుట

రంగు తీయవలెనా, ఉంచవలెనా యనునది జీర్ణోద్ధరణమున అన్నిటికంటె కష్టమైన నిర్ణయము. కర్మాగారమున ఆవములో కాల్చిన నాటి నల్లరంగు చాలవఱకు నిలిచి, దానిపై చేతితో గీచిన బంగారు గీతలును, తలగొట్టముపై సంస్థ గురుతును కనబడుచున్నచో, దానిని ఊడ్చివేయుట అవివేకము. ఆ గీతను కుంచెతో ఒక పనివాడు చేయి వణకకుండ గీచెను. దానిని పోగొట్టినచో మరల తేలేము. అట్టి సైకిలును సబ్బునీటితో కడిగి, త్రుప్పుపట్టిన చోట్లను మాత్రము శుభ్రపఱచి, పలుచగా నూనెగాని మైనముగాని పట్టించిన చాలును.

రంగు ఊడిపోయి, త్రుప్పు గుంటలు పడినచో మాత్రము పూర్తిగా తీయక తప్పదు. ఇచట ఒక హెచ్చరిక. పాతకాలపు రంగులలో సీసము కలిసియుండవచ్చును. దాని ధూళి పీల్చుట ఆరోగ్యమునకు, ముఖ్యముగా పిల్లలకు, హానికరము. అందుచేత పొడిగా గోకక, తడి ఉప్పుకాగితముతో రుద్దవలెను. ముక్కునకును నోటికిని తగిన కవచము ధరింపవలెను. ఆ మురికినీటిని నూతి దగ్గరగాని చేనిలోగాని పోయరాదు. ఆమ్లములతో త్రుప్పు తీయు పని పెద్దలది. బలమైన ఆమ్లము ఉక్కును తినును. సందులలో చిక్కి తరువాత క్రొత్త త్రుప్పునకు కారణమగును. చిన్న భాగములను చింతపండు రసములో నానబెట్టి, కడిగి, వెంటనే ఆరబెట్టుట మన యింటివారు ఇత్తడి పాత్రలకు చేయు పద్ధతియే. చిన్న మరలకది చక్కగా పనికివచ్చును. తళుకుపూత గల హేండిలును ఉప్పుకాగితముతో రుద్దరాదు. అల్యూమినియపు పలుచని రేకును నలిపి, నీటిలో తడిపి రుద్దినచో త్రుప్పు మచ్చలు పోయి పూత నిలుచును.

శుభ్రమైన ఉక్కును ఒక్క రాత్రియు వట్టిగా నుంచరాదు. తేమగాలికి తెల్లవారునప్పటికి ఎఱ్ఱబాఱును. వెంటనే రెడ్ ఆక్సైడు ప్రైమరును పూసి, అది ఆరిన పిదప పలుచని పూతలుగా రంగు వేయవలెను. ఒక్క మందపు పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. మందపు పూత కారిపోవును. లోపల ఆరక పైన చర్మము కట్టును. వానకాలమున రంగు వేయరాదు. గొట్టముల లోపల కాచిన అవిసెనూనెను పోసి, చట్రమును అటునిటు త్రిప్పి, మిగిలినది కార్చివేసినచో అది పొరగా గట్టిపడి లోని ఉక్కును కాపాడును. అవిసెనూనె తుడిచిన గుడ్డలను మాత్రము కుప్పగా పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి మండగలవు. వానిని విప్పి ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను.

కూర్చుట

ఇక కూర్పు మిగిలినది. ఇరుసులలోని ఉక్కు గోళీలను కిరసనాయిలులో కడిగి, వెలుతురునకు పట్టి చూడవలెను. గుంటలు పడినవానిని మార్చవలెను. మార్చునపుడు ఒకటి రెండు కాక ఆ కప్పులోనివన్నియు ఒకేమారు మార్చుట మంచిది. కొలత తప్పిన గోళీ ఒక్కటియున్నను బరువంతయు దానిపైననే పడును. క్రొత్త గ్రీజు పెట్టి, ఇరుసు వదులుగా కదలకుండను, బిగుతుగా పట్టకుండను బిగింపవలెను. చక్రమును త్రిప్పి, ఊచలను సరిచేసి, వంకర తీయవలెను. బ్రేకు కడ్డీలు చక్రమునకు రెండు ప్రక్కల సమానముగా తగులవలెను. ఆ పిదప మనుష్యసంచారము లేని మైదానమున పెద్దవారు మెల్లగా నడిపి చూడవలెను. బ్రేకు పరీక్షింపక సైకిలును పెద్దరోడ్డు ఎక్కింపరాదు.

ఇంత శ్రమ యెందుకు, క్రొత్త సైకిలు కొన్నచో చాలదా అని కొందఱడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చట్రము చెడినచో క్రొత్తది కొనుటయే వివేకము. మంచి చట్రమును తుక్కులో వేయుట మాత్రము వివేకము కాదు. ఇనుపఖనిజమును త్రవ్వి, కరగించి, గొట్టముగా సాగదీయుటకు ఎంతో బొగ్గు, ఎంతో శ్రమ వ్యయమైనవి. ఆ వ్యయము ఒకమారు జరిగిపోయినది. దాని ఫలము మన పెరటిలో నిలిచియున్నది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా నిర్ణయించెను. 2020లో అదే దినమున అట్లాసు వారి సాహిబాబాదు కర్మాగారము పని ఆగిపోయెను. ఒకనాడు దేశమున కెల్ల సైకిళ్లు పంపిన సంస్థలే ఆగిపోవుచుండగా, అవి చేసిన చట్రములను కాపాడుటకు చేతిపని తెలిసినవారు మఱింత అవసరము.

రోడ్డు ప్రక్కన గొడుగు నీడలోనో, తాటాకు పందిరి క్రిందనో, నూనె మరకల చేతులతో పనిచేయు సైకిలు మేస్త్రీని మనము చూచుచునే యుందుము. ఆయన తట్టి విని, తడిమి చూచి, దారముతో కొలిచి తెలిసికొను సంగతులు మీరు పాఠశాలయందు చదువు గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రములలోనివే. త్రిభుజపు బలము, లోహపు ద్రవీభవనము, త్రుప్పు పుట్టుక - ఇవన్నియు ఆయన దినదినము ఎదుర్కొను విషయములు. సెలవుదినమున ఆయన దగ్గరకు పోయి, మర్యాదతో అడిగి, పని చూచి నేర్చుకొనుడు.

ఇంటిలో పాత సైకిలు ఉన్నచో, దానిని అమ్మివేయుటకు ముందు ఒక్కమారు గుడ్డముక్కతో తుడిచి చూడుడు. గట్టిదైనచో నిలుపుడు. చెడినదైనచో రంగుతో దాని చెడును దాచి మరొకరికి ఇయ్యకుడు. ఎక్కువాని ప్రాణము ఆ సైకిలుపై నున్నదని మరువరాదు. ఆ మేస్త్రీ గోడకు తగిలించిన ఫోర్కు చెప్పు పాఠము ఇదియే.

ప్రశ్నలు

1. జీర్ణోద్ధరణమనగా నేమి? అది సైకిలునకు ఎట్లు వర్తించును?
2. సైకిలు చట్రమును త్రిభుజాకారముగా నిర్మించుటకు కారణమేమి? వెదురు పుల్లలతో చేసి చూపుడు.
3. ఇనుముపై పట్టు త్రుప్పునకును, ఇత్తడిపై పట్టు చిలుమునకును గల భేదమేమి?
4. దారముతో చట్రపు వంకరను కనుగొను విధమును వివరింపుడు.
5. విజయనగరపు మేస్త్రీ రంగు వేయుటకు ముందు ఎందుకు ఒప్పుకొనలేదు? ఆయన చేసినది సరియేనా? మీ అభిప్రాయమును వ్రాయుడు.
6. పాత రంగును తీయునపుడు పాటింపవలసిన జాగ్రత్తలేవి?
7. మీ యూరి సైకిలు మేస్త్రీని కలిసికొని, ఆయన పనిముట్ల పేర్లను, వాని ఉపయోగములను సేకరించి వ్రాయుడు.